పాలక ధర్మము

మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబముల చెవికి ఒక మాట రెండర్థములతో వినవచ్చుచుండును. అది 'పాలకుడు' అను మాట. మన భాషలో పాలకుడనగా ఏలువాడు, ఆజ్ఞ పెట్టువాడు. మరాఠీలో పాలకుడనగా పెంచువాడు. తల్లికిని తండ్రికిని అదే పేరు. చిన్నపిల్లల బడులవారు తల్లిదండ్రులను పిలిచి జరుపు సమావేశమునకు ఇక్కడ 'పాలక సభ' యని వ్యవహారము. ఆ పేరు మొదట విన్ననాడు నాకు నవ్వు వచ్చినది. ఏలువారి సభలో మగ్గముల కార్ఖానా గుమాస్తాకేమి పని యని పరిహాసమాడి, వచ్చిన చీటిని గూటిలో పడవైచితిని. ఆ పరిహాసపు ఫలము అనుభవించినవాడు నేను కాదు. నాలుగేండ్ల నా కుమారుడు.

అది 1984వ సంవత్సరము. మా యిల్లు షోలాపురము తూర్పు భాగమున నుండెను. వీధి పొడవునను తెలుగే. పిల్లవానికి తెలుగు తప్ప వేరొక మాట తెలియదు. బాలవాడిలో అంతయు మరాఠీ. చేర్చిన కొలది దినములకే వాడు తడిసిన లాగుతో ఇల్లు చేరుట మొదలుపెట్టెను. ఎందుకని అడిగిన బదులు చెప్పడు. ఉదయమున బయలుదేరదీయబోగా గడప పట్టుకొని ఏడ్చును. ఇది మొండితనమని నేను నిశ్చయించితిని. రెండు మూడు మారులు చేయి చేసికొంటిని కూడ.

సభకు రెండవమారు పిలుపు వచ్చినప్పుడు నా భార్య ఆ పూట బీడీల పని మానుకొని వెళ్లినది. అక్కడి బాయి ఆమెను చూచి, "మీ అబ్బాయి నెమ్మదస్తుడే. కాని వానికి మాటలు రావా?" అని అడిగినదట. "ఇంట్లో వాడు నోరు మూయడు బాయీ!" అని నా భార్య ఆశ్చర్యపడినది. అప్పుడు గాని ఇరువురకును సంగతి తెలియలేదు. పిల్లవాడు దాహమైనప్పుడు 'నీళ్లు' అనుచుండెను. ఒంటికి పోవలసినప్పుడును తెలుగుననే అడుగుచుండెను. వినువారికి బోధపడలేదు. కొన్నాళ్లకు వాడు అడుగుటయే మానివేసెను. ఆ బాయి మిక్కిలి నొచ్చుకొని, నా భార్య చెప్పుచుండగా పది తెలుగు మాటలు మరాఠీ లిపిలో తన పుస్తకపు చివరి పుటలో వ్రాసికొన్నది. మరునాటినుండి వాని లాగు తడియలేదు. ఆ రాత్రి నిద్రించుచున్న పిల్లవాని వీపు నిమురుచు నేను చాలసేపు కూర్చుంటిని.

నలువది ఏండ్లు దాటిన ఈ చిన్న విషయమును సంచికలో వ్రాయుటకు కారణము కలదు. బడియీడు రాని పిల్లల తల్లిదండ్రులకొరకు ఏర్పడుచున్న సభలకును శిక్షణ తరగతులకును రండని పిలిచినప్పుడు, నేను 1984లో చెప్పిన మాటలనే నేటికిని అనేకులు చెప్పుచున్నారు. "బిడ్డను పెంచుట ఒకరు నేర్పవలసిన విద్యయా? ప్రేమ యున్నచోట బోధ యెందుకు? మన అవ్వలు ఏ తరగతికి వెళ్లి నేర్చిరి?" ఈ ప్రశ్నలు త్రోసివేయదగినవి కావు. వీని వెనుక అభిమానము కలదు, కొంత న్యాయమును కలదు. అందుచేత వీనిని నెమ్మదిగా విచారింపవలెను.

మొదటిది ప్రేమ చాలునా యను ప్రశ్న. కుమారునిపై చేయి చేసికొన్న దినమున నా ప్రేమకు లోపము లేదు. వాడు చదువుకొని నాకంటె మేలైన బ్రతుకు బ్రతుకవలెనను కోరికతోనే కొట్టితిని. లోపించినది తెలివి. ప్రేమ బిడ్డకు మేలు కోరును. ఏది మేలో తనంతట తాను చెప్పజాలదు. జ్వరము వచ్చిన బిడ్డకు మందేదో తెలియని తల్లి వైద్యుని వెదకుచు పరుగెత్తును. ఆమె ప్రేమ తక్కువదని ఎవరును అనరు. పరుగెత్తుటయే ప్రేమకు గుర్తని అందురు. ఒంటి జ్వరమునకు చెల్లు ఈ న్యాయము మనసు ముడుచుకొనిపోయిన బిడ్డకు ఏల చెల్లదు? కావున తెలిసికొనుట ప్రేమకు బదులుగా వచ్చునది కాదు. అది ప్రేమలోని ఒక విధి.

రెండవది అవ్వల ప్రశ్న. వారు ఏ తరగతికిని వెళ్లలేదన్నది నిజము. కాని వారు నేర్చుకొనలేదన్నది నిజము కాదు. ఉమ్మడి కుటుంబము పేరులేని పాఠశాల. పదేండ్ల పిల్ల తమ్ముని చంకనెత్తుకొని తిరుగుచు, అవ్వ కాళ్లు చాపుకొని పసిబిడ్డకు నీళ్లుపోయుట చూచుచు, ఏ ఏడుపు ఆకలిదో ఏ ఏడుపు నిద్రదో చెవితోనే పోల్చుకొనుచు పెరిగెడిది. తాను తల్లియగునాటికి ఆ విద్య సగము ఆమె చేతిలోనే యుండెడిది. మిగిలిన సగమునకు అత్త, మేనత్త, పొరుగింటి ముసలమ్మ ఉండిరి. నేడు రెండు గదుల యింట భార్యాభర్తలును ఒక బిడ్డయు ఉన్నారు. అవ్వ ఊరిలో ఉన్నది, లేదా లేనేలేదు. పాఠశాల మూతపడినది, పాఠము మాత్రము అట్లే మిగిలియున్నది. దానిని మరియొకచోట నేర్వక గత్యంతరము లేదు.

ఆ పాత పాఠశాలలో చెప్పినదంతయు సరియైనదనియు అనుకొనరాదు. పురిటినాటి ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోసిన ఇండ్లు ఎన్నియో ఉండెడివి. ఆ ముర్రుపాలే బిడ్డకు మొదటి రక్షయని వైద్యశాస్త్రము నేడు నిస్సందేహముగా చెప్పుచున్నది. కొట్టనిదే చదువు రాదనుటయు, ఆడపిల్లకు తరువాత వడ్డించుటయు ఆ ఇండ్లలోనివే. పెద్దలయెడ గౌరవము వేరు. వారి పొరపాట్లను తిరిగి చేయుట వేరు.

మన వృత్తినుండియే ఒక దృష్టాంతము చెప్పెదను. మన తాతలు గుంటమగ్గములో కాళ్లు దించి కూర్చుండి నేసిరి. పడుగును పేకయు వారికి చంటినాటినుండి పరిచితములే. పవర్‌లూములు వచ్చినప్పుడు ఆ నేర్పు మాత్రమే చాలలేదు. షోలాపురపు చద్దరుపై పువ్వులు దింపు జకార్డు అట్టల మర్మమును వారు కొత్తగా నేర్వవలసివచ్చినది. "నేను పుట్టు నేతగాడను, నాకొకడు నేర్పుటయా?" అని ఎవడును అలుగలేదు. నేర్చినవాడు నాలుగు మెతుకులు తినెను. బట్టకొరకు మరల శిష్యుడగుటకు సిగ్గుపడని మనము, బిడ్డకొరకు శిష్యులమగుటకు సిగ్గుపడుదుమా?

తల్లికి చెప్పిన మాట బిడ్డకు ముట్టునను భావము మన పురాణములకు కొత్తది కాదు. ప్రహ్లాదుని కథ భాగవతమున కలదు. నారదుడు తన యాశ్రమమున బోధించినది గర్భవతియైన తల్లికి. ఆ బోధ ఫలించినది కడుపులోని బిడ్డయందు. అభిమన్యుని గూర్చి జనులు చెప్పుకొను కథ దీనికి ఎదురుగా నిలుచును. వినుచున్న తల్లి నడుమ నిద్రపోయినదట. కొడుకునకు వ్యూహములో చొచ్చుట తెలిసినది గాని వెలికివచ్చుట తెలియలేదు. ఈ కథలను చరిత్రగా గ్రహింపనక్కరలేదు. పెద్దలు వినినంత మేరకే పిన్నలకు అందునని మన పూర్వులు గుర్తించిరనుటకు ఇవి చాలును. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. రెండవ కథలో తప్పు నిద్రపోయిన తల్లిదని మనము సులువుగా అందుము. అలసిన ఇల్లాలికి ఏ వేళ బోధ చెప్పవలెనో చెప్పువారు ఆలోచించిరా యని అడుగము. దీనిని మరల ప్రస్తావింతును.

మూడవ ఆక్షేపణ అభిమానమునకు సంబంధించినది. "పరాయివారు మన యింటిలో జోక్యము కలిగించుకొనుట యేమి?" అందురు. సభ యనగా దోషములెంచు న్యాయస్థానమైనచో ఈ ఆక్షేపణ సమంజసమే. కాని ఈ పద్ధతికి ఆద్యులైనవారు దానిని అట్లు తలంపలేదు. మేరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు పేదల వాడలో తన మొదటి బాలగృహమును తెరచినప్పుడు, తల్లులు వారమునకొకసారియైనను ఉపాధ్యాయినితో మాటాడునట్లు నియమము చేసినది. ఆ నియమము రెండు వైపులది. తల్లి తన బిడ్డ యింట ఎట్లుండునో చెప్పవలెను. పిదప సలహా పొందవలెను. చెప్పుట ముందు, వినుట తరువాత. మన మహారాష్ట్రముననే తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమునందు పల్లె పిల్లలకొరకు శిశువిద్యా కేంద్రమును నెలకొల్పినది. బడికి రాలేని పిల్లల యొద్దకు బడియే పోవలెనని, వారి వాకిటిలోనే పాఠము నడిపినది. అంగనమనగా వాకిలి. నేడు దేశమంతటను వాడుకలోనున్న 'అంగన్‌వాడీ' యను పేరు ఆ భావమునుండి వచ్చినదే. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ పేరును ఊరూర నిలిపినది. ఇంటి వాకిటినుండి పుట్టిన బడి ఇంటివారికి పరాయిది యెట్లగును?

నా కుమారుని విషయములో జరిగినదేమి? ఆ సభలో బాయి నా భార్యకు నేర్పినదానికంటె నా భార్య బాయికి నేర్పినదే యెక్కువ. పది మాటలు! వానిని చెప్పుటకు ఒక మనిషి వెళ్లవలసియుండెను. వెళ్లవలసిన మొదటివాడను నేను. మనవంటి అల్పసంఖ్యాక భాషా కుటుంబములకు ఈ సభలు ఇతరులకంటె ఎక్కువ అవసరమగుటకు కారణమిదే. ఇరుగుపొరుగు మరాఠీ తల్లి వెళ్లకున్నను ఆమె బిడ్డ మాట ఉపాధ్యాయినికి తెలియును. మన బిడ్డ మాటను మనమే మోసికొనిపోవలెను.

భాష విషయమున మరియొక పొరపాటు వ్యాపించియున్నది. బడిలో వెనుకబడునను భయముతో కొందరు తల్లిదండ్రులు మూడేండ్ల బిడ్డతో ఇంట తెలుగు మాటాడుట మానుచున్నారు. తమకు వచ్చీరాని మరాఠీని, ఇంకను తక్కువగా వచ్చిన ఇంగ్లీషును మాటాడుచున్నారు. అందుచేత బిడ్డకు కథ చెప్పుటకు మాటలు చాలవు, లాలించుటకు మాటలు చాలవు. మిగులునవి ఆజ్ఞలు మాత్రమే. రా, పో, తిను, కూర్చో. ఏలు పాలకునికి ఈ నాలుగు మాటలు చాలును. పెంచు పాలకునికి చాలవు. చిన్నపిల్లలు రెండు మూడు భాషలను కలత లేక గ్రహింపగలరు. ఇంటి భాష బలముగా నున్న బిడ్డకు రెండవ భాష నేర్చుట సులభము. 2020 నాటి జాతీయ విద్యావిధానమును సాధ్యమైనచోట్ల కనీసము అయిదవ తరగతివరకు ఇంటి భాషలోనే బోధన జరుగవలెనని చెప్పినది. తెలుగును ఇంట వదలినవారికి దానిని తిరిగి యిచ్చు బడి ఈ ఊళ్లలో సులభముగా దొరకదు.

ఇక చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతులు కల్పింప ప్రయత్నించుట రాష్ట్రముల విధియని చెప్పుచున్నది. 2002 నాటి 86వ సవరణ, ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డకు విద్యావకాశము కల్పించుట తల్లిదండ్రుల ప్రాథమిక విధిగా నిర్ణయించినది. ఆరేండ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను ఆ సవరణయే రాజ్యము ప్రయత్నింపవలసిన కార్యముగా పేర్కొన్నది. ఆ వయసులో తల్లిదండ్రులు చేయవలసినది ఇదియని మాత్రము వ్రాయలేదు. అనగా బిడ్డ మనసు ఎక్కువగా రూపుదాల్చు ఆ యేండ్లలో మనల నడిపించునది చట్టము కాదు, ధర్మము. అడుగువాడు లేనిచోట నిలుచునదే ధర్మము.

ఈ శ్రమవలన నిజముగా ఫలము కలదా యని లెక్క చూచుకొనువారు అడుగుదురు. అడుగవలసినదే. 1986-87లో జమైకా దేశపు రాజధాని కింగ్‌స్టనులో ఆహారలోపముచేత ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలపై ఒక పరిశీలన ఆరంభించిరి. వారిలో కొందరి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకొక గంట చొప్పున రెండేండ్లు వెళ్లిరి. వెళ్లినవారు పండితులు కారు. ఇంట దొరకు వస్తువులతో చేసిన బొమ్మలతో, బిడ్డతో ఆడుట, మాటాడుట, మెచ్చుకొనుట ఎట్లో తల్లులకు చూపిరి. ఇరువదేండ్ల తరువాత చూడగా, ఇట్టి సాయము పొందిన పిల్లలు పొందనివారికంటె సుమారు 25 శాతము ఎక్కువ సంపాదించుచుండిరి. ఈ ఫలితము 2014లో ప్రకటింపబడినది. తెలుగువారికి చిరపరిచితమైన ఒడిశాలోని కటక నగరపు మురికివాడలలో ఇదే పద్ధతిని ప్రయోగింపగా అచ్చటను పిల్లల బుద్ధి వికాసమునకు మేలు కనబడినది. వారమునకొక గంట! మనము టీ దుకాణమువద్ద గడపు కాలములో అది ఎన్నవ వంతు?

అయితే ఇంతవరకు చెప్పినది సగము ధర్మమే. నిద్రపోయిన తల్లిని గూర్చి మరల చెప్పెదనంటిని. మన వీధులలోని తల్లులనేకులు బీడీలు చుట్టి బ్రతుకుచున్నారు. వారికి జీతము నెలకు కాదు, వేయి బీడీలకింత యని. పట్టపగలు సభ పెట్టి పిలిచినచో వచ్చిన తల్లి కూలి కోల్పోవును. తునికాకును పొగాకును చాటలో పెట్టుకొని పసిపిల్లల నడుమకు తెమ్మనుటకును వీలులేదు. చేయజాలనిదానిని చేయలేదని నిందించుట ధర్మము కాదు. రమ్మనువారికి రాగల వీలు కల్పించు విధి కలదు. సాయంకాలము బీడీలు అప్పగించి వచ్చిన పిదపనో, మగ్గములకు సెలవైన నాడో సభ పెట్టవలెను. నడచి రాగల దూరమున, మార్కండేయ మందిరపు ఆవరణమువంటి పరిచితమైన తావున పెట్టవలెను. మరాఠీలో చెప్పినది తెలుగున విప్పి చెప్పు ఒకరు ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, వచ్చినవారిని నలుగురిలో తలదించుకొనజేయరాదు. "మీ బిడ్డ గోళ్లు చూడుడు, మీ బిడ్డ వెనుకబడినాడు" అని పేరు పెట్టి చెప్పిన సభకు ఆ తల్లి మరల రాదు. అది ఆమె నిర్లక్ష్యము కాదు. సభ చేసికొన్న కర్మము. ఈ ఏర్పాట్లు మన సంఘమువంటివి చేయదగిన పనులు. ఏటేట ఉగాదికి పందిరి వేయగలిగినవారు నెలకొకసారి చాప పరపలేరా?

ప్రభుత్వపు దారియు కొంత తెరచియే యున్నది. 2022లో మహారాష్ట్ర ప్రభుత్వము మొదటి తరగతిలో చేరబోవు పిల్లలకొరకు 'పహిలే పాఊల్', అనగా మొదటి అడుగు, అను పేరుతో మేళాలు నడిపినది. వీధివీధిని తల్లులు చిన్న జట్లుగా కూడి, ఇంటిపట్టున పిల్లలతో ఆడింపదగిన ఆటలను నేర్చుకొనుటయు అందులో భాగము. గరిటెలు లెక్కించుట, గింజలను రంగులవారీగా వేరుచేయుట, వినిన కథను తిరిగి చెప్పించుట వంటి ఆటలకు ఖర్చు లేదు. అక్షరము రాని తల్లియు వీనిని నడుపగలదు. మూడేండ్ల బిడ్డచేత పలకమీద అక్షరములు దిద్దించి అలసటపెట్టువారికి మొదట నేర్పవలసినది కూడ ఇదే. ఆ యీడున ఆటయే చదువు.

చివరగా తండ్రులకు ఒక మాట. ఏ సభకైనను వెళ్లి చూడుడు. కూర్చున్నవారిలో ఎక్కువమంది తల్లులు. తండ్రి ఎక్కడ? అతడు ఏలుచున్నాడు. బిడ్డ బడి మారవలెనన్నను, ఏ భాషలో చదువవలెనన్నను తీర్పు అతనిదే. ఆ తీర్పునకు వలసిన సంగతులు వినుట మాత్రము తల్లి పని! నేను నలువది ఏండ్లకు పూర్వము చేసినది ఇదే. సంగతి వినకయే తీర్పు చెప్పితిని. శిక్షయు అమలు జరిపితిని. ఆ శిక్ష పొందినవాడు నేడు పెద్దవాడైనాడు. వానికి నాలుగేండ్ల కుమార్తె కలదు. అంగన్‌వాడీనుండి సభకు పిలుపు వచ్చిన మొన్నటి దినమున వాడు పనికి సగము పూట సెలవు పెట్టెను. "నీవెందుకురా, కోడలు వెళ్లును గదా?" అంటిని. చెప్పులు తొడుగుకొనుచు వాడు, "నాయనా, పాపకు ఏ మాటలు వస్తాయో నేను చెప్పి వస్తాను" అనెను. మరేమియు అనలేదు. 1984 నాటి సంగతి వానికి జ్ఞాపకమున్నదో లేదో నేను అడుగలేదు.

పాలకుడు అను మాటకు గల రెండర్థములును ఒకే ధాతువునుండి వచ్చినవి. ఆ ధాతువునకు అర్థము కాపాడుట. కాపాడవలెనన్న ముందు తెలిసికొనవలెను. చీటి వచ్చినప్పుడు దానిని గూటిలో పడవేయక, ఇంటిల్లిపాదిలో ఒకరైనను లేచి వెళ్లుడు. వీలైన ఇరువురును వెళ్లుడు. వినుటకే కాదు, మీ బిడ్డ యెవరో చెప్పుటకు వెళ్లుడు. ఆ బిడ్డకు వేరొక దుబాసీ లేడు.